క్రో కాప్ ఎడమకాలు, ఒక తాలీం కుర్రాడు

ప్రశ్న: ఆరేళ్ళుగా కిక్‌బాక్సింగ్ చేస్తున్నా, వయసు 22. ఎంఎంఏలోకి (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఫైటింగ్) మారాలనుంది. మిర్కో క్రో కాప్ లాంటి కిక్‌బాక్సర్లు అక్కడికెళ్ళి ఎలా నెగ్గారు?

తమ్ముడూ, నేను పదకొండేళ్ళు కిక్‌బాక్సింగ్ చేశా, స్టేట్ మీట్‌లో రెండు మెడల్స్ ఉన్నాయి, క్రో కాప్ ఫైట్లు ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు, అందుకే దీనికి జవాబు రాయాలనిపించింది. అందరూ ఆయన ఎడమకాలి గురించే మాట్లాడతారు. "కుడికాలు తగిలితే ఆస్పత్రి, ఎడమకాలు తగిలితే శ్మశానం" అన్న మాట ప్రతి వీడియో కిందా ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. ఆ కాలు గొప్పదే. కానీ ఎంఎంఏలో ఆయన్ని నిలబెట్టింది నడుము అంటాను నేను. ఎవరైనా వచ్చి కాళ్ళు పట్టుకుంటే నడుము వెనక్కి విసిరేసి వాడి వీపు మీద బరువంతా పడేయడం, స్ప్రాల్ అంటారు చూడు, అది. ఈ సంగతి నాకు వీడియోల్లో తెలియలేదు.

2009లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఒక సెల్లార్ జిమ్‌కి వెళ్ళేవాణ్ణి. అప్పటికి నా కిక్ అంటే అక్కడ అందరికీ భయం, ప్యాడ్ పట్టుకునేవాళ్ళు మోచేతులు నొప్పి అనేవాళ్ళు. ఒకరోజు పాతబస్తీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, చిన్నప్పట్నుంచీ తాలీంలో మట్టి కుస్తీ చేస్తున్నాడట. గ్లవ్స్ వేసుకోవడం కూడా రాదు, వెల్క్రో నేనే బిగించా. మాస్టారు సరదాగా మూడు నిమిషాలు చేయండి, పట్లు కూడా ఓకే అన్నారు. నేను వాడికి దెబ్బ తగలకూడదని సగం బలంతోనే పక్కటెముకల మీదకి ఒక రౌండ్ కిక్ వేశా. తగిలింది, చప్పుడు కూడా వచ్చింది, కానీ కాలు వెనక్కి రాలేదు! చంకలో ఇరికించుకున్నాడు. ఉడుంపట్టు అంటారే, అది మాటగా వినడం వేరు, మన పిక్క దాన్లో ఇరుక్కోవడం వేరు. రెండో కాలు కింద నుంచి లాగేశాడు, వీపు మ్యాట్ మీద దబ్బున పడింది, గాలి మొత్తం బయటికి పోయింది, వాడి తల నా గుండెల మీద, నువ్వుల నూనె వాసన, కదుల్దామంటే ఎటూ లేదు. మూడు నిమిషాల్లో ఐదుసార్లు పడేశాడు.

పడటం పెద్ద విషయం కాదు తమ్ముడూ, ఎవరైనా పడతారు. నాలుగోసారి లేచాక నేను కిక్ వేయడం మానేశాను, అదీ అసలు విషయం. కాలు లేపుదామనుకోగానే భయం. ఆరేళ్ళు నేర్చుకున్న ఆయుధం నా దగ్గరే ఉంది, వాడే ధైర్యం పోయింది. అయిపోయాక ఆ అబ్బాయి నీళ్ళ బాటిల్ ఇచ్చి, "అన్నా, నువ్వు కాలు లేపంగనే నాకు సగం పని అయిపోతది. ఒక్క కాలు మీద మనిషి ఎంతసేపు నిలబడ్తడు?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగా నాకు అర్థం కావాలనే చెప్పాడు. ఆ రాత్రి రూముకెళ్ళి క్రో కాప్ పాత ఫైట్లన్నీ మళ్ళీ మొదట్నుంచి పెట్టా, ఈసారి కిక్ కాకుండా ఆయన నడుము చూస్తూ.

క్రొయేషియాలోని విన్‌కోవ్‌చిలో 1974లో పుట్టాడాయన. పోలీసుల్లో యాంటీ టెర్రరిస్ట్ యూనిట్‌లో పనిచేశాడు, క్రో కాప్ అంటే క్రొయేషియన్ పోలీసు అనే. 1996లో జపాన్‌లో కె-1 అనే కిక్‌బాక్సింగ్ పోటీలకి వచ్చి మొదటి ఫైట్‌లోనే జెరోమ్ లె బానర్‌ని ఓడించాడు, తర్వాత ఎర్నెస్టో హూస్ట్ చేతిలో పోయాడు. 1999లో కె-1 పెద్ద టోర్నీ గ్రాండ్ ప్రీ ఫైనల్ దాకా వెళ్తే మళ్ళీ అదే హూస్ట్. ఇక్కడొక మాట చెప్పాలి, చాలామంది ఆయన కె-1 ఛాంపియన్‌గా ఎంఎంఏకి వచ్చాడని రాస్తుంటారు, తప్పు. కె-1 గ్రాండ్ ప్రీ ఆయన గెలిచింది 2013 మార్చిలో, జాగ్రెబ్‌లో, సొంత జనం ముందు, 38 ఏళ్ళ వయసులో. అంటే ఎంఎంఏలో పదకొండేళ్ళు తిరిగాక! తెలుగులో ఫైటింగ్ గురించి రాసేదే నలుగురు, ఆ నలుగురూ ఒకరిది చూసి ఒకరు కాపీ కొడితే ఎలా చెప్పండి.

2001 ఆగస్టులో మొదటి ఎంఎంఏ ఫైట్, ఎదురుగా కజుయుకి ఫుజిటా అనే రెజ్లర్. ఫుజిటా కాళ్ళ మీదకి దూకాడు, క్రో కాప్ మోకాలు సరిగ్గా అప్పుడే తలకి తగిలి చీరేసింది, రక్తం, 39 సెకన్లలో ఆపేశారు. జనం ఆ మోకాలే చూస్తారు. నువ్వు మళ్ళీ పెట్టి చూడు, అంత దెబ్బ తిన్నాక కూడా ఫుజిటా పట్టు వదల్లేదు, కింద పడేశాడు. గాయం అవకపోయుంటే ఏమయ్యేదో? క్రో కాప్‌కీ అదే అనిపించి ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే తర్వాత ఫైట్లలో కాళ్ళకోసం ఎవరొచ్చినా నడుము అప్పటికే వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది.

అది కుదిరాకే ఎడమకాలికి స్వేచ్ఛ వచ్చింది. 2003 చూడు. హీత్ హెరింగ్‌కి పొట్ట మీద కిక్, వొవ్‌చాంచిన్‌కి తల మీద. ఆయన ఎడమచేతివాటం స్టాన్స్ కదా, అంటే కుడికాలు ముందు పెట్టి నిలబడతాడు, మామూలు స్టాన్స్‌లో నిలబడ్డవాడి కుడివైపు, అంటే లివర్ ఉన్న వైపు, ఆయన ఎడమకాలికి తెరిచిన తలుపులా ఉంటుంది. పొట్ట మీదకొచ్చే కిక్కూ తల మీదకొచ్చే కిక్కూ ఒకేలా మొదలవుతాయి. లివర్ కాపాడుకోవాలని చెయ్యి దించితే తల దొరికింది. ఎడమచేతి స్ట్రెయిట్ పంచ్ కూడా అదే వైపు నుంచి, కాబట్టి ఎదుటివాడికి మూడు అనుమానాలు. ఇదంతా ఎప్పుడు పనిచేస్తుంది, పట్టుకుంటాడన్న భయం లేకుండా కాలు వదిలినప్పుడు.

అయితే కింద పడకుండా ఉండటం వేరు, పడ్డాక ఏం చేయాలో తెలియడం వేరు. 2003 నవంబర్‌లో టోక్యో డోమ్‌లో జియు-జిట్సు (నేల మీద పట్ల విద్య) మనిషి నొగెయిరాతో ఫైట్ ఉంది, దయచేసి అది పూర్తిగా చూడు, హైలైట్స్ కాదు. అది ప్రైడ్ అనే జపాన్ ఎంఎంఏ పోటీ, అందులో మొదటి రౌండ్ పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ క్రో కాప్ నొగెయిరాని చితక్కొట్టాడు, బెల్ ముందు తల మీద కిక్ పడి నొగెయిరా కూలాడు కూడా, ఇంకొంచెం టైముంటే అయిపోయేది. రెండో రౌండ్ మొదలవగానే నొగెయిరా ఒక్క టేక్‌డౌన్‌తో కింద పడేసి పైకెక్కాడు, రెండు నిమిషాల లోపే ఆర్మ్‌బార్, అంటే మోచెయ్యి విరిచే పట్టు. నాకిప్పటికీ ఆ రౌండ్ చూస్తుంటే అరచేతులు చెమట పడతాయి. ఆ తర్వాత క్రో కాప్ వెర్డూమ్ అనే కోచ్‌ని పెట్టుకుని జియు-జిట్సు నేర్చుకున్నాడు. 2004 ఏప్రిల్‌లో ర్యాండిల్‌మన్ అనే రెజ్లర్ ఒక్క లెఫ్ట్ హుక్‌తో పడగొడితే, అదే ఏడాది డిసెంబర్ 31న అదే ర్యాండిల్‌మన్ మెడ పట్టుకుని 41 సెకన్లలో ఓడించాడు. కిక్‌బాక్సర్, కాలితో కాదు, మెడ పట్టుతో!

2005 ఆగస్టులో అప్పటి ప్రైడ్ హెవీవెయిట్ ఛాంపియన్ ఫెదోర్‌తో ఓడిపోవడం గురించి కూడా జనం "ఫెదోర్ భయపెట్టాడు" అని వదిలేస్తారు. ఫెదోర్ చేసింది చాలా తెలివైన పని, ముందుకే నడిచాడు, ఆగలేదు. వెనక్కి నడిచేవాడు గట్టిగా కిక్ వేయలేడు, మడమ నేలలో నాటుకుంటేనే బలం. ఆ మాట నేను మా పిల్లలకి రోజూ చెప్తాను. తర్వాతి ఏడాది సెప్టెంబర్ 10న, సరిగ్గా తన 32వ పుట్టినరోజున, క్రో కాప్ ఒకే రాత్రి వాండర్‌లె సిల్వానీ జోష్ బార్నెట్‌నీ ఓడించి ప్రైడ్ ఓపెన్‌వెయిట్ (బరువు పరిమితి లేని) గ్రాండ్ ప్రీ గెలిచాడు. నా దృష్టిలో అదే శిఖరం.

ఇక్కడ మనవాళ్ళ గురించి ఒక బాధ చెప్పుకోవాలి. మన దగ్గర కిక్‌బాక్సింగ్‌కి అసోసియేషన్లు ఎన్నో, ఒక్కోదానికి ఒక "స్టేట్", ఒక "నేషనల్", ఫీజు కడితే సర్టిఫికెట్. నా మెడల్స్‌లో ఒకదానికి మా వెయిట్‌లో వచ్చింది ముగ్గురే, ఆ సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తల్లిదండ్రులు స్పోర్ట్స్ కోటా వస్తుందా అని అడుగుతారు, వాళ్ళ తప్పేం లేదు. కానీ నాలుగు కిలోమీటర్ల దూరంలో తాలీంలో ఏళ్ళ తరబడి మట్టిలో దొర్లిన పిల్లలుంటారు, వాళ్ళ దగ్గరికి ఒక్క కిక్‌బాక్సర్ వెళ్ళడు, వాళ్ళలో ఒక్కడిని ఎవరూ జిమ్‌కి పిలవరు. ఇద్దరూ కలిస్తే ఎంత మంచి ఫైటర్లు తయారవుతారో ఊహించు.

సరే, మళ్ళీ క్రో కాప్ దగ్గరికొద్దాం, మాంచెస్టర్ ఫైట్. 2007 ఏప్రిల్. యుఎఫ్‌సీ అనే అమెరికా ఎంఎంఏ పోటీల్లో ఆయనకి రెండో ఫైట్, గెలిస్తే టైటిల్ ఛాన్స్ అనుకున్నారంతా. గాబ్రియెల్ గొంజాగా అనే జియు-జిట్సు మనిషి ఆయన్ని కింద పడేసి మోచేతులతో ముఖం మీద కొట్టాడు. ప్రైడ్‌లో తలకి మోచేతి దెబ్బలు లేవు, ఇక్కడున్నాయి, రింగ్ బదులు కేజ్. రిఫరీ లేపి నిలబెట్టాడు, రౌండ్ అయిపోవస్తుండగా గొంజాగా కుడికాలు వచ్చి తలకి తగిలింది. ఎవరి కాలికి ప్రపంచం భయపడిందో ఆయనే కాలితో పడ్డాడు, మోకాలు శరీరం కింద మడతపడిపోయింది. దాన్ని నవ్వుతూ షేర్ చేసేవాళ్ళని చూస్తే నాకు కోపమొస్తుంది. ఆ కిక్‌కి ముందు నిమిషాల తరబడి తిన్న మోచేతులు ఎవరూ చూడరు. ఆయన చెయ్యి ఎందుకు కిందుంది? మళ్ళీ కాళ్ళు పట్టుకుంటాడేమో అని. నాలుగోసారి లేచాక నా కాళ్ళు ఎందుకు కదల్లేదో, ఆయన చెయ్యి ఎందుకు లేవలేదో, కారణం ఒకటే అని నేను గట్టిగా నమ్ముతున్నా.

2015లో గ్రోత్ హార్మోన్ వాడానని ఒప్పుకున్నాడు, రెండేళ్ళ నిషేధం పడింది. భుజం గాయం కోసమే అన్నాడు. అభిమానిని కాబట్టి దాచను, అది మచ్చే.

నువ్వు ఏ ఊళ్ళో ఉన్నావో రాయలేదు. హైదరాబాద్ అయితే మెసేజ్ పెట్టు, ఆదివారం తాలీంకి తీసుకెళ్తా. ఆరు నెలలు కిక్ మర్చిపో, స్ప్రాల్ రోజుకి వంద చెయ్, పడటం నేర్చుకో, పడ్డాక లేవడం నేర్చుకో. నన్ను పడేసిన ఆ తాలీం కుర్రాడు ఇప్పటికీ నాకు స్నేహితుడే. 2015 ఏప్రిల్‌లో క్రాకోవ్‌లో క్రో కాప్, గొంజాగా మళ్ళీ తలపడినప్పుడు వాడి ఫోన్‌లోనే చూశాం. రెండు రౌండ్లు గొంజాగావే, మళ్ళీ కింద పడేసి పైకెక్కాడు, నేను చూడలేక తల తిప్పేసుకున్నా. మూడో రౌండ్‌లో కేజ్‌కి ఆనుకుని కలబడుతూ క్రో కాప్ దగ్గర్నుంచి మోచెయ్యి వేశాడు, ఇంకోటి వేశాడు, గొంజాగా కూలాడు, మీదపడి మళ్ళీ మోచేతులు. మాంచెస్టర్‌లో తిన్నవే తిరిగిచ్చాడు. వాడు నా భుజం పట్టి ఊపుతూ "అన్నా చూడు, కాలు లేపనే లేదు!" అని అరిచాడు.