క్లినిక్ నడుపుతూ కరోనాతో పోయిన డాక్టరుకు 50 లక్షల బీమా రాదా?

ప్రశ్న: మావారు ఎంబీబీఎస్ డాక్టర్. మండల కేంద్రంలో ఇరవై ఏళ్లు సొంత క్లినిక్ నడిపారు. కరోనా రెండో వేవ్‌లో ఎంతమంది చెప్పినా క్లినిక్ మూయలేదు. 2021 ఏప్రిల్ చివర్లో ఆర్టీపీసీఆర్ పాజిటివ్ వచ్చింది, మే నెలలో ఆస్పత్రిలో పోయారు. కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమాకు కాగితాలు పెడితే, ‘ఆయన ప్రైవేటు ప్రాక్టీసు, ప్రభుత్వం డ్యూటీ వేయలేదు, మీకు వర్తించదు’ అని నోటి మాటగా చెప్పి పంపేశారు. ఎల్ఐసీ డబ్బు తీసుకున్నారు కాబట్టి ఇది ఎలాగూ రాదని ఇంకొకరన్నారు. ఈమధ్య సుప్రీంకోర్టు తీర్పు వచ్చిందంటున్నారు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అడగొచ్చా? మా అమ్మాయి ఇప్పుడు హౌస్ సర్జన్. మళ్లీ అలాంటి రోగం వస్తే తన సంగతేమిటని టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక పాఠకురాలు, ఆంధ్రప్రదేశ్

జవాబు: అడగొచ్చమ్మా. మీలాంటి వాళ్లు అడగాలనే ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చెబుతున్నది 2020 మార్చి 30 నుంచి అమలైన ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలోని బీమా. పాలసీ ఇచ్చింది న్యూ ఇండియా అస్యూరెన్స్ కంపెనీ, ప్రీమియం కట్టింది కేంద్రం. దాన్ని పలుమార్లు పొడిగించారు కాబట్టి 2021 మేలో జరిగిన మరణం గడువు లోపలిదే. ప్రభుత్వ డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలతో పాటు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందికీ, ప్రైవేటు ఆస్పత్రుల వాళ్లకీ ఇందులో చోటుంది. అయితే ప్రైవేటు వాళ్ల విషయంలో ఒక మెలిక పెట్టారు. ప్రభుత్వం కొవిడ్ పని కోసం వాళ్ల సేవలను ‘రిక్విజిషన్’ చేసి ఉండాలన్నారు. అంటే అవసరం కొద్దీ తన పనిలోకి తీసుకుని ఉండాలి. ఆ ఒక్క మాట దగ్గరే మీలాంటి ఎన్నో కుటుంబాలు ఆగిపోయాయి.

నవీ ముంబైలో క్లినిక్ నడుపుతూ కరోనాతో చనిపోయిన ఒక డాక్టర్ భార్య ఇదే విషయం మీద బాంబే హైకోర్టుకు వెళ్లారు. క్లినిక్ తెరిచి ఉంచాలని, మూస్తే చర్య తప్పదని 2020 మార్చి 31న అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ ఆయనకు నోటీసిచ్చింది. అయినా క్లినిక్ తెరవమనడం వేరు, కొవిడ్ డ్యూటీలోకి తీసుకోవడం వేరు అని 2021 మార్చిలో హైకోర్టు ఆమె పిటిషన్ కొట్టేసింది. మీకు నోటి మాటగా చెప్పిన కారణం కూడా అదే.

ఆ వాదన ఇప్పుడు నిలవదు. ఆ కేసులోనే 2025 డిసెంబర్ 11న సుప్రీంకోర్టులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ ఆర్. మహదేవన్ ధర్మాసనం తీర్పు చెప్పింది. అంటువ్యాధుల చట్టం, దాని కింద రాష్ట్రం తెచ్చిన నిబంధనలు, మున్సిపల్ నోటీసు, బీమా పథకం కాగితాలు అన్నీ కలిపి చూస్తే డాక్టర్ల సేవలను రిక్విజిషన్ చేసినట్టేనని తేల్చింది. ఒక్కో డాక్టరుకు పేరుపేరునా ఉత్తర్వు ఉంటేనే బీమా అనడం కుదరదు. నా మటుకు నాకు ఇది చాలా ఆలస్యంగా వచ్చిన న్యాయం. ఆ రోజుల్లో ఏ ఆఫీసులో కూర్చుని ఎవరు అలాంటి ఉత్తర్వులు రాయగలిగేవారు?

కానీ తీర్పులో రెండో సగం కూడా ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. కొవిడ్ పని చేస్తూనే చనిపోయారని నమ్మదగిన ఆధారాలతో నిరూపించే బాధ్యత క్లెయిమ్ చేసేవారిదేనని కోర్టు స్పష్టంగా చెప్పింది. పైగా అది మహారాష్ట్ర నిబంధనల మీద వచ్చిన తీర్పు. మన రాష్ట్రం కూడా 2020 మార్చిలో అదే 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద కొవిడ్ నిబంధనలు తెచ్చింది. వాటి కాపీ సంపాదించి దరఖాస్తుకు జతచేయండి. మీ పంచాయతీ, మున్సిపాలిటీ, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసుల నుంచి క్లినిక్ తెరవమనో, జ్వరం కేసుల వివరాలు పంపమనో ఏ కాగితం వచ్చినా, వాట్సాప్ మెసేజ్ అయినా, అది మీకు ఆ నవీ ముంబై నోటీసులా పనికొస్తుంది. ఆయన ఫోన్ ఇంకా ఇంట్లో ఉంటే ఫార్మాట్ చేయకండి, ఎవరికీ వాడుకోవడానికి ఇవ్వకండి. మెసేజ్‌లను కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఆ పని మీ లాయర్ చూసుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యం ఓపీ రిజిస్టర్, అంటే రోజూ వచ్చిన పేషెంట్ల పేర్లు రాసుకునే పుస్తకం. ఇలాంటిదే ఒక కేసులో ఒకావిడ నా దగ్గరకు పాత లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. అట్ట మీద శానిటైజర్ మరకలు. రోజుకు యాభై, అరవై పేర్లు. పేరు పక్కన వయసు, ఊరు, ‘జ్వరం 3 రోజులు’, ‘దగ్గు, ఆయాసం’, ‘టెస్టుకు పంపాను’ అని డాక్టరుగారి చేతిరాత. చివరి పేజీలో పదకొండు పేర్ల తర్వాత ఖాళీ. ఆయనకు జ్వరం మొదలైన రోజు అదే. ఏ వకీలు ఎంత వాదించినా ఆ పేజీ చెప్పినంత చెప్పలేడు. మీవారి రిజిస్టర్‌లోనూ లక్షణాలు బయటపడక ముందు రెండు వారాల పేజీలు చూడండి. పక్క మెడికల్ షాపులో ఆ రోజుల ప్రిస్క్రిప్షన్లు, బిల్లులు దొరకొచ్చు. కాంపౌండర్, ఆయన దగ్గర చూపించుకుని తర్వాత పాజిటివ్ వచ్చిన ఇద్దరు ముగ్గురు పేషెంట్లు అఫిడవిట్ ఇస్తే ఇంకా బలం. ఆర్టీపీసీఆర్ రిపోర్టు, ఆస్పత్రి డెత్ సమ్మరీ, డెత్ సర్టిఫికెట్, ఆయన మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఎలాగూ కావాలి.

మీకు రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు కాబట్టి ముందు పది రూపాయల ఆర్టీఐ అర్జీ వేయండి. మీ దరఖాస్తు ఎక్కడి వరకు వెళ్లింది, ఎవరు ఏం రాశారు, ఫైలు కాపీ ఇవ్వమని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అది వచ్చేదాకా ఆగకుండానే, సుప్రీంకోర్టు తీర్పు కాపీ జతచేసి కలెక్టరుకు తాజాగా దరఖాస్తు పెట్టండి. 2021లో మార్చిన పద్ధతి ప్రకారం ఈ క్లెయిములు ధ్రువీకరించేది కలెక్టరే. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. డీఎంహెచ్‌ఓకూ బీమా కంపెనీకీ కాపీలు స్పీడ్ పోస్టులో పంపండి. ‘కాదంటే కారణంతో ఆర్డర్ ఇవ్వండి’ అని అందులోనే రాయండి.

రెండు నెలలు చూసి కదలిక లేకపోతే హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వం మీద నేరుగా వేసే పిటిషన్, వేయొచ్చు. రిట్‌కు ఇన్నేళ్లని లెక్క లేదు గానీ ఆలస్యానికి కారణం చెప్పుకోవాలి. మీ చేతికి తిరస్కరణ ఆర్డరే ఇవ్వలేదు, చట్టం మీద స్పష్టత 2025 డిసెంబరులో వచ్చింది. ఈ రెండూ మంచి కారణాలే. ఇప్పుడు మళ్లీ ఏడాది ఊరుకుంటే మాత్రం ఆ బలం తగ్గుతుంది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువుంది, ఆలస్యాన్ని మన్నించమని అడగడం తోనే అక్కడ పుణ్యకాలం గడిచిపోవచ్చు. రిట్టే నయం. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి.

ఎల్ఐసీ డబ్బు తీసుకుంటే ఇది రాదన్నది తప్పు. మిగతా బీమాలు ఏవి ఉన్నా వాటికి అదనంగానే ఇది ఇస్తామని పథకంలోనే రాశారు.

ఇక మీ అమ్మాయి విషయం. ఆ 50 లక్షల బీమా కరోనా కోసం పెట్టింది, శాశ్వతం కాదు. వైద్య సిబ్బందికి రక్షణ ఇచ్చే చట్టం మాత్రం ఉంది. 2020లో సవరించిన అంటువ్యాధుల చట్టం ప్రకారం, అంటువ్యాధి సమయంలో వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, తీవ్రగాయమైతే ఏడేళ్ల వరకు. బెయిలు హక్కుగా దొరకదు. చేయి చేసుకోవడమే కాదు, వాళ్ల బతుకుకీ పనికీ ఇబ్బంది కలిగించే వేధింపు కూడా అందులోకే వస్తుంది. ‘కరోనా వార్డులో చేస్తున్నావు, ఇల్లు ఖాళీ చెయ్’ అని సామాను బయట పెట్టించిన ఓనర్ల ఉదంతాలు ఆ రోజుల్లో మనం విన్నవే. క్వారంటైన్ రోజులను డ్యూటీగానే లెక్కించాలి, జీతం కోయకూడదు అన్న మాట 2020 జూలై 31న సుప్రీంకోర్టు ముందు తేలింది.

మీ అమ్మాయి మనసులో కూడా నాన్న సంగతి ఉండే ఉంటుంది, బయటకు చెప్పకపోవచ్చు. భయంగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. మీకూ అదే నంబరు. ఎప్పుడైనా డ్యూటీకి ఆధారం కావాల్సి వస్తే పనికొస్తుంది, నెలనెలా తన డ్యూటీ రోస్టర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోమనండి. మీరు ఈ వారం ఆ ఓపీ రిజిస్టర్ వెతకండి. దొరికితే ప్రతి పేజీ జిరాక్స్ తీయించండి, ఒరిజినల్ మాత్రం ఏ ఆఫీసులోనూ ఇవ్వకండి.