కొండెక్కి కూర్చుంటే రెజ్యూమెకి పనికొస్తుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయవాడ. మసాచుసెట్స్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను, ఎఫ్-1 వీసా మీద ఉన్నాను. ఈ వేసవికి న్యూహ్యాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద ఇంటర్న్‌షిప్ వచ్చింది. సందర్శకుల కేంద్రం, చిన్న మ్యూజియం, వాతావరణ పరిశీలన కేంద్రం అన్నీ పైన ఒకే భవనంలో ఉంటాయి. ఒక వారం పైనే ఉండాలి, మరుసటి వారం కిందికి దిగొచ్చు. నాకు వెళ్లాలనే ఉంది. నాన్నేమో "మీ వాళ్లందరూ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేస్తుంటే నువ్వు కొండ మీద టూరిస్టులకి బాత్రూమ్ ఎటో చూపిస్తావా" అంటున్నారు. అమ్మకి చలి గురించీ తిండి గురించీ టెన్షన్. ఒకసారి లంబసింగి వెళ్తేనే వారం రోజులు జలుబుతో పడుకున్నాను మరి. డబ్బులు కూడా పెద్దగా రావు. వెళ్లమంటారా?
— ఒక విద్యార్థిని, మసాచుసెట్స్

జవాబు: వెళ్లమ్మా. అయితే నాన్నగారి మాట కొట్టిపారెయ్యకు, బాత్రూమ్ ఎటో రోజూ చూపించాల్సే వస్తుంది. ఎండాకాలంలో శని ఆదివారాలు అక్కడికి జనం విరగబడి వస్తారు, కారులో కొందరు, రైల్లో కొందరు, నడిచి కొందరు. ప్రకృతి ఒడిలో పుస్తకం చదువుకుంటూ కూర్చోవచ్చు అనుకుని వెళ్తే మాత్రం మొదటి వారంలోనే నీరసం వచ్చేస్తుంది. రోజంతా కొత్త మనుషులతో మాట్లాడటం ఇష్టమైతేనే ఇది నీకు సరిపడే పని.

ముందు కాగితాల సంగతి చూడు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు కాలేజీ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ (చదువులో భాగంగా పని చేసేందుకు ఇచ్చే అనుమతి) ఉండాలి, అది నీ ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) మీద అచ్చయ్యాకే పనిలో చేరాలి. ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలన్న షరతు నీకు అడ్డం రాదు. పని నీ చదువులో భాగంగా ఉండాలి కాబట్టి చాలా కాలేజీలు వేసవిలో ఒక క్రెడిట్ కోర్సుకి రిజిస్టర్ చేసుకోమంటాయి, దానికి ఫీజు పడొచ్చు, ఆ లెక్క ముందే అడిగి తెలుసుకో. "జీతం లేదుగా, వాలంటీర్ అని రాసేసుకో, ఏమీ కాదు" అని చెప్పే సీనియర్ ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకడుంటాడు. వాడి మాట వినకు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని నువ్వు ఉచితంగా చేసినా వీసా దృష్టిలో అది ఉద్యోగమే అయ్యే ప్రమాదం ఉంది. మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని కలిసి ఆఫర్ లెటర్ చూపించు, ఏ సమాధానం వచ్చినా ఈమెయిల్‌లో తీసుకో. ఒక్క వేసవి సీపీటీ వాడితే తర్వాత ఓపీటీ (డిగ్రీ అయ్యాక పని చేసుకునే అనుమతి) పోతుందేమోనన్న భయం అక్కర్లేదు, ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితేనే ఆ ఇబ్బంది.

ఇక చలి. ఎత్తు చూస్తే ఆ కొండ మరీ పెద్దదేం కాదు, 1,917 మీటర్లు. మన అల్లూరి జిల్లాలోని జిందగడ దాదాపు 1,690 మీటర్లు, అంటే రెండింటికీ తేడా రెండు వందల చిల్లర మీటర్లే. కానీ ఇది 44 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, పైగా తుపానులు వచ్చే దారులు కొన్ని ఆ చుట్టుపక్కలే కలుస్తాయి. పడమటి నుంచి వచ్చే గాలికి ఆ పర్వత శ్రేణి అడ్డంగా నిలబడటంతో, గాలి కొండ మీదుగా ఇరుక్కుని వెళ్లాల్సి వచ్చి వేగం పుంజుకుంటుంది. జులైలో కూడా సగటు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపే. అక్కడ ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతే సుమారు 22 డిగ్రీలు, విజయవాడ వాళ్లం ఏసీకి పెట్టుకునే నంబర్ అది! వేసవిలోనూ మంచు పడ్డ రోజులున్నాయి. ఏడాదిలో సగానికి పైగా సమయం శిఖరం మబ్బులోనే ఉంటుంది, అందుకని నిన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న "వ్యూ ఎక్కడండీ?" అన్నదే. ఆకాశం తేటగా ఉన్న రోజు అట్లాంటిక్ సముద్రం దాకా కనిపిస్తుంది, లేనిరోజు పార్కింగ్‌లో సొంత కారే కనిపించదు.

బట్టల విషయంలో ఒకటే మాట, కాటన్ వద్దు. తడిస్తే నీళ్లు పట్టుకుని ఒంటిని చల్లబరుస్తుంది. లోపల ఊలు గానీ సింథటిక్ గానీ, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్, జులై అయినా సరే టోపీ, గ్లవ్స్. కొత్తవి కొనకు, మీ ఊళ్లో సెకండ్ హ్యాండ్ షాపుల్లో దొరుకుతాయి. తిండికి అమ్మగారు కంగారు పడనక్కర్లేదు. పైన సిబ్బంది అందరూ కలిసే ఉంటారు, కలిసే తింటారు, సాధారణంగా వారం వారం వచ్చే వాలంటీర్లే రాత్రి వంట చేసిపెడతారు. శాకాహారమైతే చేరకముందే చెప్పు, అక్కడికెళ్లాక మొహమాటపడి సలాడ్ నములుతూ కూర్చోకు. కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లు, అయితే ఆవకాయ సీసాని రెండు కవర్లలో చుట్టు, ఆ నూనె ఊలు స్వెట్టర్‌కి అంటితే వదలదు.

ఇప్పుడు అసలు పని గురించి. నువ్వు అక్కడ తెలుసుకోవాల్సినవాటిలో నాకు బాగా నచ్చింది ఒక చిన్న పరికరం, స్లింగ్ సైక్రోమీటర్. రెండు థర్మామీటర్లు పక్కపక్కన బిగించి ఉంటాయి, ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని బయట గాలిలో గిరగిరా తిప్పుతారు. తడి ఆరుతుంటే ఆ థర్మామీటర్ చల్లబడుతుంది, రెండింటి తేడాని బట్టి గాలిలో తేమ ఎంతో లెక్క కడతారు. ఇన్ని ఎలక్ట్రానిక్ సెన్సర్లు ఉన్న రోజుల్లో కూడా అక్కడి పరిశీలకులు గంట గంటకీ బయటికెళ్లి దీన్ని తిప్పుతారు, ఎందుకంటే మంచు పేరుకుని, గాలికి దెబ్బతిని సెన్సర్లు అక్కడ సరిగా నిలవవు. అర్ధరాత్రి కూడా వెళ్తారు. పదేళ్ల పిల్లాడికి దీన్ని చేతిలో పెట్టి చూపిస్తే ఏ పోస్టరూ చెప్పలేనంత అర్థమవుతుంది. పెద్దవాళ్లకి గాలి గురించి చెప్పు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది, అందుకే కారు తలుపు గట్టిగా పట్టుకుని తెరవమని అంతగా చెప్పేది.

రికార్డు సంగతి అందరూ అడుగుతారు కాబట్టి నిజం నిజంగా చెప్పు. 1934 ఏప్రిల్ 12న అక్కడ గంటకు 231 మైళ్ల గాలి కొలిచారు, అంటే 372 కిలోమీటర్లు. హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ మీద విరుచుకుపడ్డ గాలి దాదాపు 180 కిలోమీటర్లు, దానికి రెట్టింపు అనుకో. ఆ రోజు వెండెల్ స్టీఫెన్సన్ అనే పరిశీలకుడు బయటికెళ్లి, గాలి కొలిచే యంత్రానికి పట్టిన మంచుని కర్రతో కొట్టి వదిలించాడు. లెక్క తేలాక వాళ్లకి వచ్చిన మొదటి అనుమానం, "ఇది చెబితే ఎవరైనా నమ్ముతారా?" అని. అది చాలాకాలం ప్రపంచ రికార్డుగా ఉంది. 1996లో ఆస్ట్రేలియాలోని బారో ఐలాండ్ దగ్గర ఒలీవియా తుపానులో 253 మైళ్లు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది 2010లో. కాకపోతే అక్కడ కొలిచింది మనుషుల్లేని యంత్రం, మనిషి దగ్గరుండి కొలిచినవాటిలో ఇప్పటికీ మౌంట్ వాషింగ్టన్‌దే పెద్దది. గొప్పగా ఉంటుందని సగం కథ చెప్పకు, వినేవాళ్లలో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

కొంచెం సీరియస్ విషయం కూడా ఉంది. కింద ఎండగా ఉందని షార్ట్స్‌తో, టీషర్ట్‌తో నడక మొదలుపెట్టి, సాయంత్రం నాలుగింటికి వణుకుతూ లోపలికి వచ్చేవాళ్లు ఉంటారు. ఆ కొండ మీద, చుట్టుపక్కల శిఖరాల మీద 1849 నుంచి 150 మందికి పైగా చనిపోయారు, వేసవిలో చలికి పోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. మాట ముద్దగా వస్తోందా, జిప్ పెట్టుకోవడానికి వేళ్లు తడబడుతున్నాయా, అడుగు తూలుతోందా, ఊరికే చిరాకు పడుతున్నారా, ఇవి గమనించు. కనిపిస్తే వెంటనే అక్కడి సీనియర్ సిబ్బందిని పిలువు, రక్షించే పని నీది కాదు. తడి బట్టలు మార్పించడం, స్పృహలో బాగా ఉంటే తియ్యగా వేడిగా ఏదైనా తాగించడం వరకు సాయం చెయ్యి. కిందికి తీసుకెళ్తారని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకు. ఆ భవనంలో సందర్శకులు రాత్రి ఉండటానికి వీల్లేదు, కిందికి దిగే బండ్లలో చోటుంటుందన్న గ్యారంటీ లేదు.

నాన్నగారికి ఇలా చెప్పి చూడు: ఆ వాతావరణ కేంద్రం 1932లో మొదలైంది, అప్పటినుంచి కొలతల లెక్కలు ఉన్నాయి. ఇంటర్న్‌లకి సాధారణంగా ఒక చిన్న పరిశోధన ప్రాజెక్టు ఇస్తారు, నీకూ ఇస్తారేమో చేరకముందే రాసి అడుగు. ఇస్తే పైథాన్‌లో ఆ డేటా మీద పని చేసి నాలుగు గ్రాఫులు తీసుకురా. రెజ్యూమెలో "సందర్శకులకు సాయం చేశాను" అని ఒక లైను, ప్రాజెక్టు గురించి మూడు లైన్లు రాయి. సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్‌తో పోలిస్తే డబ్బులో ఇది ఓడిపోతుంది, అందులో దాపరికమేం లేదు, కానీ నువ్వు చదివేది ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కదమ్మా, కంప్యూటర్ సైన్స్ కాదు.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి కూడా ఈ వేసవికి అదే కొండ మీద పని చేస్తున్నాడు. మేము న్యూజెర్సీ నుంచి వెళ్లి చూసొద్దామనుకుంటున్నాం. మా ఆవిడకి ఘాట్ రోడ్లంటే భయం. కారులో వెళ్లొచ్చా?
— ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: వెళ్లొచ్చండీ, 1861 నుంచి ఉన్న రోడ్డే, 7.6 మైళ్లు, టికెట్ కొనాలి. కొన్ని రకాల బండ్లని పైకి రానివ్వరు, మీ కారు మోడల్ వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. చాలాచోట్ల అంచున రెయిలింగ్ ఉండదు, తిరుమల ఘాట్ అలవాటున్నా మొదటిసారి గుండె ఝల్లుమంటుంది. ఎక్కడం కన్నా దిగడమే జాగ్రత్త. లో గేర్‌లో దిగండి, బ్రేకు మీద కాలేసి అలాగే దిగితే వేడెక్కిపోతాయి, మధ్యమధ్యలో ఆగే చోట్లు ఉన్నాయి, ఆగండి. మీ ఆవిడగారికి మరీ భయమైతే కొండకి రెండో వైపు నుంచి కాగ్ రైలు ఉంది, 1869 నాటిది, పట్టాల మధ్యలో రంపంలా పళ్లున్న ఇంకో పట్టాని పట్టుకుని ఎక్కే రైలు. పైన ఉండే సమయం తక్కువ, కాబట్టి అబ్బాయి లంచ్ టైం కనుక్కుని టికెట్ తీసుకోండి.

ఒక్క మాట, ఏమీ అనుకోకండి. పులిహోర తీసుకెళ్లండి, అందరికీ సరిపడా తీసుకెళ్లండి, కానీ వాడు డెస్క్ దగ్గర డ్యూటీలో ఉండగా పక్కన నిలబడి ఫొటోలు తీయకండి. "మా వాడే" అని పక్కవాళ్లకి చెప్పకండి కూడా.

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో బీఎస్సీ ఫిజిక్స్. అమెరికా వాళ్లకేనా ఇలాంటివి? మన దేశంలో కొండ మీద సైన్స్ పని చేసే అవకాశం లేదా?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఉంది తమ్ముడూ. కొడైకెనాల్ సౌర పరిశోధనాలయం 1899లో మొదలైంది, ఎత్తు 2,343 మీటర్లు. సూర్యుడి మచ్చల్లో వాయువులు బయటికి ప్రవహిస్తాయని జాన్ ఎవర్షెడ్ 1909లో కనిపెట్టింది అక్కడే. సందర్శకుల కోసం మ్యూజియం కూడా ఉంది. దాన్ని నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, బెంగళూరు వాళ్లు విద్యార్థులకి సమ్మర్ స్కూలు, విజిటింగ్ స్టూడెంట్స్ ప్రోగ్రామ్ పెడుతుంటారు. ఆ సంస్థని నిలబెట్టిన వైను బప్పు హైదరాబాద్‌లోనే పెరిగాడు, వాళ్ల నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పని చేశాడు. బీఎస్సీలో ఏ ఏడాది వాళ్లకి అవకాశమో నోటిఫికేషన్‌లో చూడు, పోటీ గట్టిగానే ఉంటుంది. మీ లెక్చరర్ చేత సిఫార్సు లేఖ రాయించుకోవాలంటే చివరి రోజు సాయంత్రం ఆయన ఇంటికి పరిగెత్తకు, ఇప్పుడే అడుగు.