శక్తిమాన్ లారీ లైట్లు కాలిపోతే నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మా నాన్నగారు సైన్యంలో శక్తిమాన్ లారీ నడిపారు. ఆయన పోయాక అలాంటి లారీనే సైనిక వేలంలో కొని గుంటూరులో ఉంచుకున్నాను. ముందు వైపు అదనపు లైట్లు మసకబారడంతో 2024 జూన్ 18న విజయవాడలో ఒక వర్క్‌షాపులో ఎల్ఈడీ లైట్లు వేయించాను. బిల్లు 38,000 రూపాయలు. ఆగస్టులో లైట్లు వేసి నడుపుతుండగా వైర్లు అంటుకుని డ్యాష్‌బోర్డు దాకా కాలింది. పాత లైట్లు అడిగితే తుక్కుకు వేశామన్నారు. నాన్నగారి జ్ఞాపకం బూడిదైనట్టుంది. ఉద్యోగం చేసుకుంటూ, అప్పుడప్పుడు ఈ బండిని సినిమా షూటింగులకు అద్దెకు ఇస్తుంటాను. ఇంత పాత బండికి చట్టంలో ప్రత్యేక రక్షణ ఏమైనా ఉందా? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? అద్దె సంగతి దాచి, దాని గురించిన ఫేస్‌బుక్ పోస్టులు తీసేయమని ఒక మిత్రుడు చెప్పాడు.

జవాబు: రెండు పేజీల ఉత్తరంలో మీ కేసును తేల్చే వాక్యం ఒక్కటే. అది అద్దె గురించి మీరు మాటవరసకు రాసిన వాక్యం.

వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి మినహాయింపు ఉంది గానీ, ఉద్యోగం ఉన్న మీకు అది వర్తించదు. అయినా దారి మూసుకుపోలేదు. లైట్లు వేయించినప్పుడు మీ ప్రధాన ఉద్దేశం ఏమిటన్నదే కమిషన్ చూస్తుంది. వాణిజ్య ప్రయోజనం ఉందని నిరూపించే భారం ఎదుటి పక్షానిదేనని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు ఇచ్చారు, ఎంత వచ్చింది అన్నది తేదీలతో రాయండి. లైట్లు వేయించేనాటికి అద్దె అరకొరగానే ఉంటే కమిషన్‌కు వెళ్లవచ్చు. అప్పటికే అది నిలకడైన ఆదాయమైతే సివిల్ కోర్టే మార్గం.

మీ మిత్రుడి సలహా మాత్రం ప్రమాదకరం. కమిషన్ విచారణ న్యాయ విచారణతో సమానం. అక్కడ అబద్ధపు అఫిడవిట్ వేస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. మీరు పోస్టు తీసేసినా స్క్రీన్‌షాట్ వర్క్‌షాపు వాళ్ల దగ్గర ఉండవచ్చు. అది బయటపడిన రోజున మీ నిజమైన నష్టాన్ని కూడా ఎవరూ నమ్మరు. అద్దె విషయం ఫిర్యాదులో మీరే ముందుగా చెప్పండి.

కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు మంట అంటుకున్న ఆగస్టు నుంచి లెక్కపెడుతున్నారు. ఎదుటి లాయరు బిల్లు తేదీ నుంచి లెక్కపెడతాడు. కాబట్టి 2026 జూన్ 17 దాటకుండా ఫిర్యాదు దాఖలు చేయండి. ఉత్తరాలు, నోటీసులు నడిపినంత మాత్రాన గడువు పెరగదు. దాటితే ఆలస్యం మన్నించమని తగిన కారణంతో వేరే దరఖాస్తు వేయాలి. సివిల్ దావాకు మూడేళ్లుంటాయి గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక సాక్ష్యం. కాలిన వైర్లను మెకానిక్ ఊడదీసి షెడ్డులో ఎక్కడో సంచిలో పడేశాడని రాశారు. లక్షల నష్టమంటూ అసలు సాక్ష్యాన్ని ‘ఎక్కడో’ పెట్టుకోవడం ఏమిటి? ఆ సంచిని ఈరోజే వెతికి, ఇద్దరు సాక్షుల ముందు ఫొటోలు తీసి సీలు వేయండి. మీ లారీకి 24 వోల్టుల వ్యవస్థ ఉందని, వర్క్‌షాపు 12 వోల్టుల లైట్లను రెండు బ్యాటరీల్లో ఒకదానికే ఫ్యూజు లేకుండా కలిపిందని మెకానిక్ అన్నాడు. అలా కలిపితే ఒక బ్యాటరీ చార్జ్ చాలక నీరసిస్తుంది, రెండోదానికి అతిగా చార్జ్ ఎక్కుతుంది. ఫ్యూజు లేని వైరులో షార్ట్ సర్క్యూట్ అయితే కరెంటును ఆపేది ఉండదు. మెకానిక్ నోటిమాట చాలదు. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విభాగంలో గానీ వాహన నష్టాలు అంచనా వేసే అర్హత ఉన్న సర్వేయరు దగ్గర గానీ రాతపూర్వక నివేదిక తీసుకోండి. వర్క్‌షాపుతో నడిచిన వాట్సాప్ సందేశాలను, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రంతో జతచేయండి. నివేదిక చేతికొచ్చేదాకా కొత్త వైరింగ్ జోలికి పోవద్దు.

పాతదనం వల్ల ప్రత్యేక రక్షణ లేదు. 2021లో వచ్చిన వింటేజ్ వాహన నిబంధనలు యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, కార్లకే. లారీ వాటిలోకి రాదు. కొత్త లైట్లు స్పాట్‌లైట్ల వంటివైతే మరో చిక్కు. అలాంటివి బండి ముందు భాగంలో బిగించాలంటే రవాణా అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. ‘ఆయనే అడిగాడు, బిగించాం’ అని వర్క్‌షాపు అంటుంది. మీరు ఏమి అడిగారో చూపే సందేశం ఉందేమో వెతకండి.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి బిల్లు సొమ్ము, మరమ్మతు ఖర్చు, పాత లైట్లు లేదా వాటి విలువ అడగండి. విప్పిన లైట్లు మీ ఆస్తి. మిమ్మల్ని అడగకుండా తుక్కుకు వేసే హక్కు వారికి లేదు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయండి. మీరు నివసించే చోట వేసుకోవచ్చు, వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. సేవకు మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కనుక రుసుము ఉండదు. మానసిక వేదన కింద మీరు రాసిన పది లక్షలు కొట్టేసి, రశీదులు చూపగలిగిన మొత్తానికి కొంత సహేతుకమైన సొమ్ము మాత్రమే కలపండి.