ముందు బొమ్మలో ఏముందో చెప్పు

అమ్మాయికి ఆశీస్సులు.

చిత్రకారుడు గాలో ఒకాంపో మీద నువ్వు పంపిన వ్యాసాన్ని, కలల్లాంటి బొమ్మలు వేసిన స్పెయిన్ డాలీ పేరు పట్టుకుని "ఫిలిప్పీన్స్ దేశపు డాలీ" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే కోపం వచ్చి దాన్ని పక్కన పడేశాను. మర్నాడు కరెంటు పోయి ఏమీ తోచక మళ్ళీ తీశాను. ఆరో పేజీ అడుగున ఈ వాక్యం దొరికింది: "నా చున్నీ మీద పడ్డ రక్తం ఉతికినా పోలేదు, అది ఎవరి మొక్కో నాకు తెలియదు." ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసం. మిగతా పేజీలకు జవాబు రాసే ఓపిక నాకు లేదు.

ముందు ఒక చిరాకు తీర్చుకోనివ్వు. నీ వ్యాసంలో ఇద్దరు ఒకాంపోలు కలిసి ఒకడైపోయారు. మనీలా సాంస్కృతిక కేంద్రంలో పెద్ద నాటకశాల తెరకి మూలమైన 'జెనెసిస్' బొమ్మ గాలో ఒకాంపోది కాదు, హెర్నాండో ఒకాంపోది. ఆయన వేరే మనిషి, కథలు కూడా రాసినవాడు. మనీలా కెథెడ్రల్‌ని యుద్ధం తర్వాత తిరిగి కట్టిన ఆర్కిటెక్టు ఫెర్నాండో ఒకాంపో మూడోవాడు. ఆ కెథెడ్రల్ కిటికీల రంగుటద్దాల బొమ్మలు మాత్రం మన గాలోవే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరినీ ఒక పంక్తిలో కూర్చోబెడితే ఎలా? నీకు రెడ్డి అనే ప్రొఫెసర్లు ఇద్దరుంటే ఒకరి పేపరు ఇంకొకరికి ఇస్తావా?

ఇక అసలు సంగతి. నువ్వు వైద్యం చదువుతున్న ఆంజెలెస్ సిటీ పంపంగా ప్రాంతంలోది. గాలో 1913లో పుట్టిన శాంతా రీటా కూడా పంపంగాలోదే. ఆ ఊరి జీడిపప్పు మిఠాయిని మన పూతరేకంత పలచని పొరలో చుట్టి అమ్ముతారట, నువ్వు తినే ఉంటావు. నీ వ్యాసంలో ఆ ఊరికి ఒక్క వాక్యం, పారిస్ కాఫీ హోటళ్ళకి రెండు పేజీలు! ఫ్రెంచి రచయిత ఆంద్రే బ్రెతోఁ అక్కడ 1924లో అధివాస్తవికత (కలల్లోని వింతల్ని కళలోకి తెచ్చే సర్రియలిజం) మీద ప్రకటన రాసేనాటికి ఈ గాలో పదకొండేళ్ళు నిండీ నిండని పిల్లాడు. వాడి ఊళ్ళో గుడ్ ఫ్రైడే నాడు ఏం జరుగుతుందో బ్రెతోఁకి తెలియదు, నీకు తెలుసు. నీకు తెలిసినదాన్ని వదిలేసి తెలియనివాడి పేరు పట్టుకున్నావు.

నువ్వు చూసింది నీకే చెప్పాల్సి వస్తోంది. ఎర్రటి ఎండలో మగవాళ్ళు చొక్కాల్లేకుండా, వట్టి కాళ్ళతో తారు రోడ్డు మీద నడుస్తారు. మొహానికి గుడ్డ కట్టి, దాని మీద తీగలతో అల్లిన కిరీటం పెట్టుకుంటారు. గాజు ముక్కలు గుచ్చిన చెక్కతో వీపు మీద ముందే గాట్లు పెట్టించుకుంటారు. తర్వాత తాడు చివర వెదురు పుల్లలు గుత్తిగా కట్టిన కొరడాతో కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి కొట్టుకుంటూ పోతారు. అక్కడి భాషలో వాళ్ళని మగ్దారామే అంటారు. తల్లికి జబ్బు నయమవ్వాలనో, నయమైనందుకో మొక్కు. చర్చి పెద్దలు ఇది వద్దంటారు. టెటనస్ ఇంజక్షన్ వేయించుకోండి బాబూ అని ప్రభుత్వ ఆరోగ్య శాఖ చెబుతూ వచ్చింది. కాబోయే డాక్టరువి, ఆ టెటనస్ సంగతి నీ వ్యాసంలో ఎందుకు లేదమ్మా? దాని బదులు "అంతర్లోకపు వేదనా చిహ్నాలు" అని ఉంది. వేదన ఎక్కడుందో చూశావుగా, వీపు మీద ఉంది. ఎన్నో పక్కటెముక దగ్గరో కూడా నువ్వు చెప్పగలవు.

గాలో చిన్నప్పటినుంచీ వీళ్ళని చూస్తూ పెరిగాడు. కానీ వీళ్ళని బొమ్మల్లోకి తెచ్చింది యుద్ధం అయ్యాక. 1945 ఫిబ్రవరిలో మొదలై మార్చి దాకా మనీలా కోసం జరిగిన పోరాటంలో సుమారు లక్ష మంది మామూలు జనం చచ్చిపోయారు. ఇంట్రామూరోస్ అనే పాత కోట ఊరు మొండిగోడలుగా మిగిలింది. అది చూసినవాడు, మొహం లేని ఆ ముసుగు మనుషుల్ని, వాళ్ళ ముళ్ళ కిరీటాలతో సహా, పాడుబడ్డ లోకం మధ్య నిలబెట్టాడు. వాటిని విమర్శకులు అధివాస్తవికత అన్నారు. అననీ. అందులో కలగన్నది ఏమీ లేదు. ముసుగు మనిషి నిజం, శిథిలం నిజం. ఆ రెండింటినీ ఒకే కాన్వాసు మీద పెట్టడమే ఆయన చేసిన పని. నువ్వు ఆ పని గురించి రాయాలి. "స్వప్నలోకపు ద్వారాలు తెరిచాడు" అంటే నాకేం తెలిసింది? ఏ ద్వారం, ఎటువైపు తెరుచుకుంది, గొళ్ళెం ఉందా లేదా?

నవ్వుతున్నావేమో. ఈ గొళ్ళెం పట్టుదల నాకు ఊరికే రాలేదు. ఉద్యోగం దొరక్క ప్రూఫులు దిద్దుకుంటున్న రోజుల్లో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్ళి, తోలుబొమ్మలు చేసే ఒక పెద్దాయన మీద వ్యాసం రాశాను. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెట్టి, ముందు నల్లగీతలు గీసి, రంగు వేసి, వెనక దీపం పెడితే వెలుగు రావడానికి నగల చోట చిన్న చిన్న చిల్లులు పొడవడం దాకా అన్నీ రాశాను. తోలు నానిన వాసన గురించి కూడా రాశాను. అప్పట్లో పేరున్న ఒక వారపత్రిక ఎడిటరు అవన్నీ కొట్టేసి, "నిర్జీవ చర్మానికి ప్రాణం పోసే మాంత్రికుడు" అని ఒక వాక్యం తగిలించి, పైన నా పేరు వేశాడు. అచ్చులో చూసి ఆ పెద్దాయన మనవడు నాకు కార్డు రాశాడు: "మా తాత మంత్రాలు వేయడు సార్, ఊళ్ళో తప్పుగా అనుకుంటున్నారు" అని. ఆ కార్డు ఎడిటరుకి చూపిస్తే, పాఠకుడికి తోలు వాసన అక్కర్లేదయ్యా, అనుభూతి కావాలి అన్నాడు. పారితోషికం ముప్పై రూపాయలు, అదీ అడగ్గా అడగ్గా వచ్చింది. ఇప్పుడు ఆ జాతి ఎడిటర్లు తగ్గారని సంతోషిద్దామంటే, అసలు కొట్టేసేవాళ్ళే లేకుండా పోయారు. ఏది పంపినా వేసేస్తున్నారు. కింద నలుగురు "అద్భుతం మేడమ్" అంటారు. కాస్త వింతగా ఏది కనిపించినా మాంత్రిక వాస్తవికత అని ఒక ముద్ర ఉంది కదా, అది కొట్టేస్తే సరిపోతోంది.

ముద్ర అంటే గుర్తొచ్చింది. గాలో జీవితంలో అన్నిటికంటే వింతైన భాగాన్ని నువ్వు వదిలేశావు. "ప్రభుత్వ ఉద్యోగాలు కూడా చేశారు" అని ఒక్క మాటతో సరిపెట్టావు. అవి ఏం ఉద్యోగాలో తెలుసుకున్నావా? రాజముద్రలు గీయడం ఆయన వృత్తి. 1946లో ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ దేశపు రాజముద్ర గీసింది ఆయనే. మధ్యలో ఎనిమిది కిరణాల సూర్యుడు, పైన మూడు నక్షత్రాలు. అంతవరకూ బాగానే ఉంది. కింద ఒక పక్క నీలం మీద అమెరికా గద్ద, ఇంకో పక్క ఎరుపు మీద స్పెయిన్ సింహం! అప్పుడే విడుదలైన దేశం తన డాలు మీద ఇద్దరు పాత యజమానుల జంతువుల్నీ పెట్టుకుంది. ఇంతకంటే అధివాస్తవికమైన బొమ్మ ఆయన కూడా మళ్ళీ వేయలేదేమో. నువ్వు చూసే ప్రతి సర్కారు కాగితం మీదా, నీ వీసా కాగితాల మీద కూడా ఉండి ఉంటుంది, తీసి చూడు. పగలు సింహం ఏ పక్కన ఉండాలి, నక్షత్రానికి ఎన్ని కొనలు అని లెక్కచూసుకునే మనిషే ముసుగు మనుషుల బొమ్మలూ వేశాడు. దార్శనికుడు జీతం తీసుకోకూడదా? 1960ల్లో జాతీయ మ్యూజియం డైరెక్టరుగానూ చేశాడు. నాకైతే ఆ ఉద్యోగాల్లోనే ఆయన బొమ్మల గుట్టు ఉందనిపిస్తుంది.

చిత్రకారుడు ఎడాడెస్ గురించి రాసింది ఫర్వాలేదు. అమెరికాలో చదువుకుని వచ్చి 1928లో చెమటోడ్చే కూలీల బొమ్మలు పెడితే, అప్పటి పేరున్న చిత్రకారుడు అమోర్సోలో వేసే ఎండ పొలాలకీ నవ్వే పల్లెపడుచులకీ అలవాటుపడ్డ మనీలా మొహం చిట్లించింది. ఆ ఎడాడెస్ వెంట నడిచిన కుర్రాళ్ళు ఇద్దరు, గాలో, బోటోంగ్ ఫ్రాన్సిస్కో. కాపిటల్ థియేటర్ గోడబొమ్మ ముగ్గురూ కలిసి వేశారు. తర్వాత బోటోంగ్‌కి 1973లో, ఎడాడెస్‌కి 1976లో జాతీయ కళాకారుడి బిరుదు వచ్చింది. గాలోకి రాలేదు. నువ్వు ఆయన్ని "దేశం నెత్తిన పెట్టుకున్న మహా కళాకారుడు" అన్నావు. ఏ నెత్తిన పెట్టుకుందో కాస్త చూసుకుని రాయి.

కలం పేరు సంగతి అడిగావు. ముందు కలం సంగతి చూద్దాం.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. ఆంజెలెస్ నుంచి మనీలాకి బస్సులున్నాయి. శాంతో తోమాస్ యూనివర్సిటీ మ్యూజియంలో 1938 నాటి 'బ్రౌన్ మడోన్నా' ఉంది. మరియమ్మని గోధుమరంగు ఒంటితో, ఫిలిప్పీన్స్ మొహంతో, వెనక అక్కడి తాటాకు గుడిసెతో వేశాడు గాలో. తెల్లటి మరియమ్మకే మొక్కడం అలవాటైన మూడొందల ఏళ్ళ తర్వాత! దాని ముందు నిలబడు. ఫోన్ బ్యాగులోంచి తీయకు. బట్టలు ఎలా ఉన్నాయి, పిల్లాడు ఎటు చూస్తున్నాడు, చుట్టూ ఉన్న ఆకులు ఏ చెట్టువి, కాగితం మీద రాసుకో. ఆకు పేరు తెలియకపోతే అక్కడి గార్డుని అడుగు, అతనికి తప్పకుండా తెలుస్తుంది. అభిప్రాయం ఒక్కటీ రాయొద్దు. తర్వాత వ్యాసాన్ని ఆరో పేజీ అడుగున ఉన్న ఆ చున్నీ వాక్యంతో మొదలుపెట్టి, డాలీని మొత్తం తీసేసి, కొత్తగా రాయి. పాతదాన్ని దిద్దకు, దిద్దితే ద్వారాలు మళ్ళీ తెరుచుకుంటాయి.

టైపు చేసి పంపేటప్పుడు అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు, నా కళ్ళు మునుపటిలా లేవు. పరీక్షలు ఎప్పుడో రాయలేదు నువ్వు. అవి అయ్యాకే మనీలా వెళ్ళు, లేకపోతే మీ నాన్నగారు నన్ను తిడతారు.

ఇట్లు
మీ మాస్టారు