ఏ ఆట గురించి రాస్తున్నావు?

చిరంజీవికి,

"జూదాన్ని నిషేధించాలా, నియంత్రించాలా" అన్న నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. ధర్మరాజుతో మొదలుపెట్టావు. దీనిమీద రాసే ప్రతివాళ్లూ ఆయన్నే సభకు పిలుస్తారు, ఆ పేరా కొట్టెయ్. అసలు చిక్కు రెండో పేరాలో ఉంది. సంక్రాంతి కోడిపందెం, కేరళ లాటరీ టికెట్టు, ఫోన్‌లో రమ్మీ, మూడింటినీ "జూదం" అన్న ఒకే సంచిలో కుక్కావు. లాటరీని కేరళ ప్రభుత్వమే 1967 నుంచి నడుపుతోంది. కోడిపందేనికి గేమింగ్ చట్టంతోపాటు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. ఒక్క ఆటను పట్టుకో. నీ పాఠకులకు బాగా తెలిసింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, అదే తీసుకో.

ముందు చట్టం. పందేలు, జూదం రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. మన రెండు రాష్ట్రాలకూ మూలం 1974 గేమింగ్ చట్టం. నేర్పుతో ఆడే ఆటలకు అందులో మినహాయింపు ఉండేది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించాయి.

"రమ్మీ నేర్పు ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది" అని రాసి వదిలేశావు. ఆ తీర్పు 1967 నాటిది, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి కనుక పదమూడు ముక్కల రమ్మీలో నేర్పుదే పైచేయి అంది కోర్టు. మూడు ముక్కలాట ఒట్టి అదృష్టమంది. ముక్కలు ఇచ్చినందుకు క్లబ్బు మామూలు రుసుము తీసుకుంటే తప్పులేదు కానీ, పందెం మీదే లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చని కూడా అంది. కంపెనీల తరఫున వాదించేవాళ్లకు ఈ రెండో సగం రుచించదు. నువ్వు మాత్రం దాన్ని వదలకు.

ఎందుకో లెక్క వేసి చూపించు. ఇద్దరు చెరో 100 పెట్టారు, యాప్ పది శాతం కమీషన్ తీసుకుంటుంది అనుకుందాం. గెలిచినవాడికి 180, యాప్‌కు 20. ఇద్దరి నేర్పూ సమానమైతే, ఆడుతూపోయే కొద్దీ ఇద్దరూ ఓడతారు. చేతిలో ఉన్నదంతా మళ్లీ మళ్లీ పెడితే, సగటున 1,000 రూపాయలు పది ఆటలకు దాదాపు 349 అవుతాయి. క్లబ్బులో పది ఆటలకు ఒక పూట పడుతుంది, ఫోన్‌లో గంట చాలు. నష్టం నేర్పులో లేదు, వేగంలోనూ కమీషన్‌లోనూ ఉంది. ఈ ఒక్క పేరా ఉంటే నీ వ్యాసంలోని "యువత పెడదోవ" పేరాలు మూడూ అక్కర్లేదు.

ప్రభుత్వం వాటా కూడా చెప్పాలి. 2023 అక్టోబర్ 1 నుంచి 2025 సెప్టెంబర్ దాకా ఆటగాడు జమ చేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. అంతకుముందు కంపెనీలు కమీషన్ మీద 18 శాతమే కట్టేవి. వెయ్యిలో కమీషన్ వంద అనుకుంటే, 18 రూపాయలెక్కడ, 280 ఎక్కడ! జనం ఎంత ఎక్కువ ఆడితే ఖజానాకు అంత రాబడి అయినప్పుడు, నియంత్రించే చెయ్యి ఎంత బిగుస్తుందో నువ్వే అడుగు.

నిషేధం ఎక్కడ కారుతుందో కూడా రాయి. రాష్ట్ర స్థాయి నిషేధాన్ని యాప్‌లు ఫోన్ లొకేషన్ చూసి అమలు చేసేవి, దొంగ లొకేషన్ చూపించే యాప్‌తో దాన్ని దాటిపోయేవాళ్లు. విదేశీ సైట్లకు ఆ మాత్రం అడ్డు కూడా లేదు. డబ్బు ఎవరెవరివో వ్యక్తిగత ఖాతాల్లోకి యూపీఐ ద్వారా వెళ్తుంది, మోసపోయినవాడు ఫిర్యాదు చెయ్యడానికి జంకుతాడు. ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన చట్టం ఇది చూసే కాబోలు, ఆడేవాణ్ణి వదిలి నడిపేవాణ్ణి పట్టుకుంది: మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటనలకు రెండేళ్లు, 50 లక్షలు. ఆ చెల్లింపులు జరిపే బ్యాంకులకూ శిక్ష ఉంది. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు కనుక, ప్రచురణకు ఇచ్చే రోజున తాజా స్థితి చూసి తేదీతో సహా రాయి.

నియంత్రణకు దగ్గర ఉదాహరణ తమిళనాడు. అక్కడ అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా డబ్బు ఆటలు ఆపాలని నిబంధన పెట్టారు, 2025లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుతో పందెం కట్టడం ఆపేసింది. అప్పు చేసి ఆడే దారుల్లో ఒకటి మూసుకుంది. ఇలాంటి నియమాలు పేరు పేరునా రాయి. "కఠిన నియంత్రణ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

నా పక్షం అడిగావు. ఫోన్‌లో క్షణాల్లో తిరిగే డబ్బు ఆట విషయంలో నేను నిషేధం వైపే, అదీ డబ్బు దారి మూసే నిషేధం. నెలకోసారి నలుగురు చేరి ఇంట్లో వేసుకునే పేకాట జోలికి పోలీసులు పోనక్కర్లేదు. నువ్వు నాతో ఏకీభవించకపోయినా ఫరవాలేదు, గీత ఎక్కడ గీస్తున్నావో మాత్రం చెప్పు.

చివరి పేరాలో ఆత్మహత్య ఘటన ఉంది. ఎలా చనిపోయాడో తీసెయ్, ఊరు పేరు తీసెయ్, "రమ్మీయే చంపింది" అన్న వాక్యం కూడా. కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 వెయ్యి.

తిరగరాసి పంపు. 900 మాటలు దాటనివ్వకు.

ఆశీస్సులతో