కేపీహెచ్‌బీకి కొత్తగా వస్తున్నారా? స్టార్ రేటింగుల కంటే ముందు ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: జూన్‌లో విజయవాడ నుంచి హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి, అంటే కేపీహెచ్‌బీకి మారుతున్నారు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, అత్తగారు ఇంట్లో ఉంటారు. ఏసీకి, ప్లంబింగ్‌కి, టైలర్‌కి, సరుకులకి ఎవరిని నమ్మాలి, ఫోన్‌లో కనిపించే రేటింగులు చూసుకుంటే సరిపోతుందా, అత్తగారికి పొద్దుపోయేలా కాలనీలో ఏమైనా జరుగుతుంటాయా అని అడిగారు.

నేను 2009 నుంచి ఇక్కడే ఉంటున్నాను. వేర్వేరు ఫేజుల్లో అద్దెకున్నాను, పిల్లల్ని ఇక్కడే పెంచాను. నేను నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పాలంటే, రేపు పొద్దున మళ్లీ మీ మొహం చూడాల్సిన మనిషిని అడగండి. మీ గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మూల మీద కిరాణా కొట్టు, పార్కులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్లు. వీళ్లు పనికిరాని ప్లంబర్‌ని చూపిస్తే మర్నాడు మీరు వచ్చి అడుగుతారని వాళ్లకు తెలుసు. అందుకే ఆచితూచి చెబుతారు.

ముఖ్యంగా ఇస్త్రీ ఆయన. మా వీధిలో ఆయనకు ఏ ఫ్లాట్ ఎప్పుడు ఖాళీ అవుతుందో బ్రోకర్ కంటే ముందు తెలుస్తుంది. ఏ ఇంట్లో మోటారు కాలింది, ఎవరు వచ్చి బాగుచేశారు, ఎంత తీసుకున్నారు, మళ్లీ పిలిచారా లేదా అన్నీ ఆయన చెవిన పడతాయి, ఎందుకంటే బట్టలు ఇచ్చేటప్పుడు అందరూ రెండు నిమిషాలు నిలబడి మాట్లాడతారు. మీరు దిగిన మొదటి వారంలోనే బట్టలు వేసి పరిచయం చేసుకోండి.

రేటింగుల సంగతి చెబుతాను. పోయిన వేసవిలో మా ఏసీ చల్లదనం తగ్గింది. ఇంట్లో చంటిపిల్లతో మా ఆడపడుచు వచ్చి ఉంది, టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో పైన కనిపించిన, బోలెడు స్టార్లున్న ఒక సర్వీస్ వాళ్లను పిలిచాం. వచ్చినతను కవర్ అయినా విప్పకుండా, పైపు మీద చెయ్యి పెట్టి, గ్యాస్ మొత్తం పోయింది, నింపాలి అని ఓ పెద్ద అంకె చెప్పాడు. సాయంత్రం చెబుతామని పంపించేసి, వాచ్‌మన్ చెప్పిన మెకానిక్‌ని పిలిచాం. ఆయన ముందు ఫిల్టర్లు తీసి కుళాయి కింద పెట్టాడు, బూడిద రంగు నీళ్లు కారాయి. తర్వాత లోపలి కాయిల్ మీద ప్రెషర్ పంపుతో నీళ్లు కొట్టి, బయట యూనిట్ వెనక పావురాలు పెట్టిన గూడు తీసేశాడు. గేజీ పెట్టి ప్రెషర్ చూపించాడు, గ్యాస్ సరిగ్గానే ఉంది. సర్వీస్ డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. ఎవరిని పిలిచినా సరే, గేజీ పెట్టి చూపించకుండా గ్యాస్ పోయిందంటే ఒప్పుకోకండి.

రేటింగులు అసలు వద్దని కాదు. హోటల్ తెరిచి ఉందా, క్లినిక్ వేళలేమిటి అని చూసుకోవడానికి బాగుంటాయి. చదివేటప్పుడు ఒకటి, రెండు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో, ఏ తేదీన రాశారో చూడండి. ఒకే వారంలో పొగడ్తలన్నీ కుప్పగా పడి ఉంటే పక్కన పెట్టేయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కంపెనీల కస్టమర్ కేర్ నంబర్ల కోసం మాత్రం ఆన్‌లైన్‌లో వెతకొద్దు. నకిలీ నంబర్లు పెట్టి డబ్బు లాగేవాళ్లు చాలామంది ఉన్నారు. వారంటీ కార్డు మీదో, బిల్లు మీదో ఉన్న నంబరే వాడండి. మీ అత్తగారికి కూడా ఈ మాట చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930 ఫ్రిజ్ మీద రాసిపెట్టండి.

ఇల్లు ఖరారు చేసేముందు యజమాని దగ్గర రెండు నంబర్లు తీసుకోండి. కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబర్, నీళ్ల బిల్లు మీద ఉండే క్యాన్ నంబర్. వీటితో పాత బకాయిలు ఉన్నాయా అని మీరే చూసుకోవచ్చు. పాత అద్దెదారు కట్టని కరెంటు బిల్లు కొత్తగా దిగినవాళ్ల మెడకు చుట్టుకోవడం ఇక్కడ చాలా ఇళ్లలో చూశాను. మంజీరా నీళ్లు, అంటే వాటర్ బోర్డు కుళాయి నీళ్లు, ఏ రోజుల్లో, ఏ వేళకు వస్తాయి, వేసవిలో ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లో కలుస్తాయా విడిగా వసూలు చేస్తారా అన్నది కూడా అడగండి. దీనికి యజమాని చెప్పే జవాబు కంటే కింద ఫ్లోర్‌లో అద్దెకున్నవాళ్లు చెప్పేది నమ్మండి. మీరు జూన్‌లో వస్తున్నారు, వానలు మొదలైతే నీళ్ల కష్టం కనపడదు, అందుకే ఈ ప్రశ్న గట్టిగా అడగమంటున్నాను.

దిగాక ఫోన్‌లో వేసుకోవాల్సిన నంబర్లు: కరెంటు పోతే 1912, నీళ్లు, డ్రైనేజీకి 155313, చెత్త, వీధిదీపాలు, కుక్కల బెడదకి మున్సిపల్ కార్పొరేషన్ 040-21111111. ఫిర్యాదు చేశాక నంబర్ ఇస్తారు, అది రాసుకోండి. అది చేతిలో ఉంటేనే రెండోసారి ఫోన్ చేసినప్పుడు మాట చెల్లుతుంది.

గ్యాస్ బండ విషయంలో చాలామంది మొహమాటపడతారు. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోల గ్యాస్ కలిపితే ఎంత రావాలో అంత ఉండాలి. డెలివరీ అబ్బాయిని తూచి చూపించమని అడిగే హక్కు మనకుంది. అత్తగారు ఒక్కరే ఉన్నప్పుడు వస్తాడు కాబట్టి, ఫోన్‌కి వచ్చే డెలివరీ కోడ్ ఆమెకు ముందే చెప్పి ఉంచండి.

సరుకుల విషయంలో మీరు అదృష్టవంతులే. కూకట్‌పల్లి రైతు బజారు దగ్గరలోనే ఉంటుంది. రైతు బజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి, మీ విజయవాడలో రైతు బజారు మీకు తెలిసే ఉంటుంది. లోపలికి వెళ్లగానే ఆ రోజు ధరల బోర్డు చదవండి, తర్వాత బేరం. బోర్డు ధర మామూలు కూరగాయల కొట్టు ధర కంటే తక్కువే ఉంటుంది. ఆకుకూరలు, దొండకాయ, బెండకాయ పొద్దున్నే వెళ్తేనే బాగుంటాయి. సాయంత్రం వెళ్తే చవకగా దొరుకుతాయి గానీ ఏరుకోవాలి. వారానికి ఒకరోజు సెలవు ఉంటుంది, ఏ రోజో ముందే అడిగి పెట్టుకోండి. రోడ్ల పక్కన వారపు సంతలు కూడా పెడతారు. అక్కడ ఉల్లిపాయలు, వెల్లుల్లి, చింతపండు బాగుంటాయి, కానీ తూకం మీద కన్ను వేసి ఉంచాలి.

ఇద్దరూ ఉద్యోగస్తులు కాబట్టి కర్రీ పాయింట్లు మీకు తప్పనిసరి. జేఎన్‌టీయూ, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉండటం వల్ల ఇక్కడ ప్రతి సందులోనూ ఒకటుంది. మంచిది ఏదో తెలుసుకోవాలంటే పదకొండున్నరకు వెళ్లి చూడండి, పప్పు, చారు అప్పుడే దించి పెడుతుండాలి. స్టీలు గిన్నెలు మీరే తీసుకెళ్లండి, మరిగే సాంబారు ప్లాస్టిక్ కవర్లో పోయించుకోవద్దు. స్వగృహ ఫుడ్స్ కొట్లలో చెక్కలు, జంతికలు కొనేముందు ఒకటి నోట్లో వేసుకుని చూస్తామని అడగండి. నూనె పాతదైతే మొదటి కొరుకులోనే తెలిసిపోతుంది. సున్నుండలు, అరిసెలు ఏ రోజు చేస్తారో అడిగి ఆ రోజే వెళ్లండి. గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఇక్కడ చాలామంది, కాబట్టి పచ్చళ్లు, పొడుల విషయంలో మీ అత్తగారికి బెంగ ఉండదు.

టైలర్‌కి మొదటిసారే పెళ్లి పట్టుచీర జాకెట్టు ఇవ్వకండి. మామూలు కాటన్ బట్ట ఒకటి, దానితో సరిగ్గా సరిపోయే ఆది జాకెట్టు ఒకటి ఇచ్చి చూడండి. చంక దగ్గర పట్టేసినా, భుజం జారినా మళ్లీ విప్పి సరిచేసి ఇచ్చేవాళ్లే మంచి టైలర్లు. చెప్పిన తేదీకి ఇచ్చారా లేదా అన్నది కూడా ఆ మొదటి జాకెట్టుతోనే తేలిపోతుంది. దసరాకి మీరు అనుకున్నట్టు కుట్టించుకోవాలంటే వినాయక చవితికి ముందే బట్టలు ఇచ్చేయాలి.

ఇంకో సంగతి, ఇది చాలామంది ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లకు తెలియదు. తెలంగాణ ఆర్టీసీలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కానీ గుర్తింపు కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. విజయవాడ ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతాడు, అందులో ఆయన తప్పు లేదు. ఇక్కడే ఉండిపోవాలనుకుంటే రెంటల్ అగ్రిమెంట్‌తో చిరునామా మార్పించుకోండి. మెట్రో స్టేషన్లు రెండు మీకు అందుబాటులో ఉంటాయి, కేపీహెచ్‌బీ కాలనీ, జేఎన్‌టీయూ కాలేజ్. మీ ఇంటి నుంచి స్టేషన్‌కి అత్తగారు నడవగలరా అన్నది చూసుకోండి, మెయిన్ రోడ్డు దాటడం పెద్దవాళ్లకు నిజంగా కష్టం. స్టేషన్ పైనుంచి అటువైపు దిగడమే మంచిది.

ఆమెకు బీపీ, షుగర్ లాంటివి ఉంటే దగ్గర్లోని బస్తీ దవాఖానా ఎక్కడుందో కనుక్కోండి. 2018లో మొదలైన ఈ చిన్న ప్రభుత్వ క్లినిక్‌లలో డాక్టర్ చూస్తారు, మందులు ఇస్తారు, రక్త పరీక్షలకు నమూనా తీసుకుంటారు, అన్నీ ఉచితం. మా ఇంట్లో పెద్దావిడ మొదట సందేహించింది. ఇప్పుడు నెలనెలా తనే వెళ్లి బీపీ చూపించుకుని వస్తోంది, అక్కడే నలుగురు స్నేహితులయ్యారు.

కాలనీలో జరిగేవాటి గురించి అడిగారు కదా, దీని గురించి ఎంతైనా చెప్పాలనిపిస్తుంది. మీరు వచ్చిన కొద్ది రోజులకే ఆషాఢం, బోనాలు. గోల్కొండలో మొదలై సికింద్రాబాద్, లాల్ దర్వాజా మీదుగా సాగే ఆదివారాలు వేరు, మన వైపు ఒక్కో బస్తీ తమకు వీలైన ఆదివారం చేసుకుంటుంది. పాత కూకట్‌పల్లి ఊరు ఇంకా ఊరుగానే ఉంది, బోనాల నాడు అటు వెళితే తెలుస్తుంది. 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలవకముందు కూకట్‌పల్లి వేరే మున్సిపాలిటీ, ఆ పాతకాలం వాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. తర్వాత వినాయక చవితి. ప్రతి వీధిలో మండపం, ప్రసాదాలకు పేర్లు రాయించుకుంటారు. మీ అత్తగారి చేత ఒకరోజు పులిహోరకు పేరు రాయించండి. నిమజ్జనం ఎక్కువగా ఐడీఎల్ చెరువులో, దాని పేరు రంగధాముని చెరువు. ఆ రోజు సాయంత్రం అటువైపు కారులో వెళ్లే పని పెట్టుకోకండి.

బతుకమ్మ మాత్రం వదలొద్దు. ఆంధ్ర నుంచి వచ్చాం, మనకు తెలియదు కదా అని చాలామంది బాల్కనీలో నిలబడి చూస్తారు. కిందకు దిగండి. మొదటి ఏడాది నేనూ మా తోడికోడలూ వెళ్తే, పేర్చడం రాదంటే పక్కింటి ఆవిడ తన పళ్లెం మా ముందుకు జరిపి చూపించింది. అడుగున గుమ్మడి ఆకులు పరిచి, గునుగు పూలు కట్టలుగా కట్టి, కొసలు సమంగా కోసి, రంగు అద్ది వరుసగా పేర్చాలి. తంగేడు, బంతి మధ్యలో వస్తాయి. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు. చివరి రోజు సద్దుల బతుకమ్మ, రకరకాల సద్దులు, అంటే కలిపిన అన్నాలు, పంచుకుంటారు, మన పులిహోర, దద్ధ్యోజనం చక్కగా సరిపోతాయి. సద్దుల రోజు పూల ధర ఆకాశంలో ఉంటుంది, గునుగు ముందురోజే కొనేయండి. ఆ తొమ్మిది రోజుల్లో నాకు తెలిసినంతమంది మనుషులు అంతకుముందు ఏడాదంతా తెలియలేదు. మా ఇంటి డాక్టర్, పిల్లల సంగీతం టీచర్, ఇప్పుడు మా ఇంట్లో పనిచేస్తున్న అమ్మాయి, అందరూ ఆ చుట్టూ తిరిగే ఆటలో పరిచయమైనవాళ్లే.

సంక్రాంతికి కాలనీ ఖాళీ అవుతుంది. పనమ్మాయి, కర్రీ పాయింట్, ఇస్త్రీ ఆయన అందరూ ఊళ్లకు వెళ్తారు. మీరు విజయవాడ వెళ్లాలనుకుంటే టికెట్లు బాగా ముందే చేసుకోండి, చివరి వారంలో ప్రైవేటు బస్సుల ధరలు భరించలేం. వెళ్లకపోతే గ్యాస్, పాలు, సరుకులు భోగికి ముందే చూసుకోండి.

మీరు ఏ ఫేజ్‌లో, ఏ వైపు ఇల్లు చూశారో కింద రాయండి. ధర్మారెడ్డి కాలనీ, వసంత్ నగర్ వైపు అయితే ప్లంబర్, టైలర్ ఎవరో నాకు బాగా తెలుసు, వాళ్లను అడిగి మీకు విడిగా చెబుతాను. మూసాపేట వైపు అయితే అక్కడ ఉండేవాళ్లెవరైనా చెబితే మేలు.