పళ్లు తెల్లబరిచే జెల్‌లో యాసిడ్ ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 26. వచ్చే నెలలో పెళ్లి. పళ్లు పచ్చగా ఉన్నాయని క్లినిక్‌కి వెళ్తే, జెల్ రాసి 40 నిమిషాలు ఉంచితే తెల్లబడతాయన్నారు. అది యాసిడ్ అనీ, పంటి పైపొర కరిగిపోతుందనీ మా అక్క భయపెడుతోంది. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అక్క భయం ఉత్తిది కాదు. అన్ని జెల్‌లూ అలాంటివి కావు గానీ, కొన్ని అలాంటివే.

క్లినిక్‌లో వాడే జెల్‌లో సాధారణంగా 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. తెల్లబరిచేది అదే. పుల్లగా, అంటే ఆమ్లగుణంతో ఉంటేనే అది చెడిపోకుండా ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే కొన్నింటిలో పీహెచ్ (పులుపుని చెప్పే కొలత; 7 కన్నా తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) తక్కువగా ఉంచుతారు. పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామెల్‌లోని, అంటే పంటి పైపొరలోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. చిగురు కిందికి జారి వేరు బయటపడిన చోట అంత తగ్గక్కర్లేదు, 6.5 దరిదాపుల్లోనే మొదలవుతుంది. పైగా కొన్ని జెల్‌లు పంటి మీద ఉన్నకొద్దీ ఇంకా పుల్లబడతాయి. మామూలుగా నోట్లో పులుపుని విరిచేది లాలాజలం. చికిత్సప్పుడు చిగుళ్లకు అడ్డుపెట్టి పళ్లు ఆరబెడతారు కాబట్టి ఆ రక్షణ కూడా ఉండదు.

రాసే ముందు రెండు సిరంజిలు కలిపే రకాలున్నాయి. వాటిలో చాలావాటి పీహెచ్ 7 దగ్గరో, ఆ పైనో ఉంటుంది. తెలుపు విషయంలో ఇవేం తీసిపోవు. కాబట్టి మొహమాటపడకుండా డాక్టర్‌ని అడగండి: మీ జెల్ పీహెచ్ ఎంత, చివరిదాకా అంతే ఉంటుందా, మధ్యలో తీసి కొత్తది రాస్తారా? మీ పళ్ల గురించి అడిగే హక్కు మీకుంది.

తర్వాత ఒకట్రెండు రోజులు పళ్లు జివ్వుమనొచ్చు. దానికి యాసిడ్ ఒక్కటే కారణం కాదు. పెరాక్సైడ్ నిమిషాల్లోనే పంటి లోపలి నరం దాకా చేరుతుంది. మంచి పీహెచ్ ఉన్న జెల్‌తోనూ ఇది ఉంటుంది. ఆ రెండు రోజులూ నిమ్మసోడా, కూల్‌డ్రింకులు, పులుసు కూరలు మానేయండి. ఇంట్లో నిమ్మచెక్కతో పళ్లు రుద్దే పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. నిమ్మరసం పీహెచ్ 2 పైచిలుకే!

మీకింకా నెల టైముంది. నన్నడిగితే, మీ పళ్ల కొలతతో ట్రే (పళ్లకు తొడుక్కునే తొడుగు) చేయించుకుని, డాక్టర్ పర్యవేక్షణలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ని రెండు వారాలు రాత్రిపూట పెట్టుకోవడం మేలు. అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ 3.5 శాతమే. కార్బమైడ్ పెరాక్సైడ్ విడిపోయినప్పుడు వచ్చే యూరియా పులుపు పెరగకుండా చూస్తుంది.

అన్నిటికన్నా ముందు పిప్పిపళ్లున్నాయేమో చూపించుకుని, గార తీయించుకోండి. పచ్చదనం గార వల్లే అయితే అసలు జెల్ అవసరమే పడకపోవచ్చు.